గిండీ నుంచి జమాల్‌పూర్ దాకా

మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి 1943లో మొదటిసారిగా ఆడపిల్లలు ఇంజనీర్లయి బయటికొచ్చారు. ముగ్గురంటే ముగ్గురు. వాళ్లకివ్వాల్సిన పట్టా కాగితాల మీద ‘అతడు’ అనే ఇంగ్లీషు మాట ముందే అచ్చయి ఉంది. 1794లో సర్వే బడిగా పుట్టిన ఆ సంస్థకి అన్నేళ్లలో ‘ఆమె’ అనే మాటతో అవసరమే పడలేదు. ఇప్పుడు ముగ్గురమ్మాయిల కోసం కొత్త కాగితాలు ఎవరు అచ్చు వేయిస్తారు? ఉన్న మాటని కలంతో కొట్టేసి, ‘ఆమె’ అని చేత్తో దిద్ది ఇచ్చేశారు.

ఆ ముగ్గురిలో ఒకావిడ మన తెలుగింటి ఆడపడుచు, అయ్యలసోమయాజుల లలిత. మన దేశపు తొలి మహిళా ఇంజనీరు ఎవరంటే ముందుగా చెప్పేది ఆవిడ పేరే. పట్టా అందుకునేనాటికి ఆవిడకి ఇరవై నాలుగేళ్లు. ఇంట్లో ఆరేళ్ల కూతురు. భర్త పోయి అప్పటికి ఐదారేళ్లయింది.

లలితగారి గురించి రాసేవాళ్లు చాలామంది ఆ దిద్దిన పట్టా దగ్గరే ఆగిపోతారు. కథకి అది బాగుంటుంది, కాదనను. కథలు రాసేదాన్ని కనుక నాకూ తెలుసు. కానీ ఆవిడ జీవితంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ పట్టా కాదు. ఎక్కడో బీహారులో, జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఆవిడ గడిపిన ఒక్క ఏడాది. ఎందుకో చెబుతాను. ముందు ఆవిడ అక్కడిదాకా ఎలా వెళ్లారో చూడాలి.

1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు లలిత. ఏడుగురు పిల్లల్లో ఐదో సంతానం. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఆ ఇంట్లో మగపిల్లలకి ఇంజనీరింగ్ చదువులు, ఆడపిల్లలకి చిన్నబడి చదువు, ఆ తర్వాత పెళ్లి. చదువుకున్న ఇల్లే, ప్రొఫెసరుగారిల్లే, అయినా అంతే. ఆ కాలంలో చాలా ఇళ్లలో జరిగిందే అక్కడా జరిగింది. 1934లో లలితకి పదిహేనో ఏట పెళ్లి చేశారు. అయితే పెళ్లయినా పదో తరగతి వరకు చదువు మానకూడదని తండ్రి పట్టుబట్టారు. అది మాత్రం అందరిళ్లలో జరిగింది కాదు.

1937లో పాప పుట్టింది. పాపకి నాలుగో నెల నిండేసరికి భర్త పోయారు. లలితకి అప్పుడు పద్దెనిమిదేళ్లు.

వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. అప్పటికి యాభై ఏళ్లు దాటిపోయినా, చిన్న వయసులో భర్త పోయిన పిల్ల గతి చాలా ఇళ్లలో మారలేదు. లలిత అత్తగారికి పోయిన కొడుకు పదహారో సంతానం. ఆ తల్లి తన కడుపుకోతనంతా కోడలి మీద చూపించింది. ఆవిడ దుఃఖం ఆవిడది, తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కాని పద్దెనిమిదేళ్ల పిల్ల, చంకలో నాలుగు నెలల బిడ్డ, దెప్పిపొడుపులు. ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటుంది? పుట్టింటికి వచ్చేశారు.

వచ్చాక ఇంకొకరి మీద ఆధారపడకుండా బతకాలని నిశ్చయించుకున్నారు. తండ్రి అండగా నిలబడ్డారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి ఫస్టుక్లాసులో పాసయ్యారు. ఆ తర్వాత ఏం చదవాలన్న ప్రశ్న వచ్చింది. ఆ రోజుల్లో ఆడపిల్ల పెద్ద చదువు చదవాలంటే డాక్టరు చదువే. లలిత మాత్రం వద్దన్నారు. డాక్టరైతే అర్ధరాత్రి పిలుపొచ్చినా పాపని వదిలి వెళ్లాలి. పొద్దున వెళ్లి సాయంత్రం ఇల్లు చేరే ఉద్యోగం కావాలి. అందుకని ఇంజనీరింగ్ అన్నారు.

నాకు ఈ మాట భలే నచ్చుతుంది. ఆవిడ ఇంజనీరింగ్‌లోకి చరిత్ర సృష్టించడానికి వెళ్లలేదు. పాప నిద్రలేచేసరికీ, పడుకునేసరికీ పక్కన ఉండొచ్చని వెళ్లారు. మనలో ఎంతమందిమి ఇలాంటి లెక్కలు వేసుకునే ఉద్యోగాలు ఎంచుకోలేదు, మానుకోలేదు!

ఆడపిల్లని చేర్చుకోవడమన్నది అప్పటిదాకా గిండీ కాలేజీకి తెలియదు. సుబ్బారావుగారు ప్రిన్సిపాలు కె.సి. చాకోగారిని ఒప్పించారు. ఆపైన మద్రాసు విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథమ్ అనే దొరని ఒప్పించారు. ఇద్దరూ సరేనన్నారు. 1940లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కరే.

తోటి విద్యార్థులు ఆవిణ్ణి ఇబ్బంది పెట్టలేదట. మంచిగానే చూసుకున్నారట. అసలు బాధ హాస్టల్లో ఒంటరితనం. పలకరించడానికి తోడు ఒక్క ఆడపిల్ల లేదు. పాప దగ్గర్లోనే బంధువులింట్లో పెరిగేది, వారం చివర వెళ్లి చూసొచ్చేవారు. కూతురి ఒంటరితనం చూసి సుబ్బారావుగారు ఇంకో పని చేయించారు. ఆడపిల్లలకి కూడా ఇంజనీరింగ్ సీట్లు ఇస్తామని కాలేజీ చేత ప్రకటన వేయించారు. దాంతో మరుసటేడు ఇద్దరు మలయాళీ అమ్మాయిలు వచ్చి సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. లీలమ్మ జార్జి, పి.కె. థ్రేసియా. ఒక నాన్న తన కూతురికి తోడు కోసం తెరిపించిన తలుపులోంచి అలా మరో ఇద్దరు వచ్చారు.

అది రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న కాలం. 1942లో జపాన్ వాళ్ల బాంబులు పడతాయన్న భయంతో మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకి వెళ్లిపోయారు. యుద్ధం వల్ల కోర్సుని కొన్ని నెలలు కుదించారు. అందుకే ఏడాది వెనక చేరిన ఆ ఇద్దరూ లలితతోపాటే 1943లో బయటికొచ్చారు.

ఇక జమాల్‌పూర్ సంగతి.

ఇంజనీరుకి పుస్తకం చదువుతోపాటు చేతిపని శిక్షణ కూడా ఉండాలన్నది నియమం. లలిత ఆ శిక్షణకి జమాల్‌పూర్ వెళ్లారు. 1862లో మొదలైన రైల్వే వర్క్‌షాపు అది. మామూలు రిపేరు షెడ్డు అనుకునేరు. 1899లోనే అక్కడ పూర్తిగా మన దేశంలో తయారైన ఆవిరి ఇంజను పట్టాలెక్కింది. 1927 నుంచి రైల్వేలో మెకానికల్ ఆఫీసర్లు కాబోయే కుర్రాళ్లని ఏరి అప్రెంటిస్‌లుగా తీసుకుని అక్కడే తయారుచేసేవారు. ఆఫీసరు కావలసినవాడైనా సరే, ముందు ఇనుము ముట్టుకోవాల్సిందే.

అప్రెంటిస్ చదువంటే ఏమిటో నాలాంటి ఆర్ట్స్ గ్రాడ్యుయేట్లకి కొంచెం చెప్పాలి. అందులో మార్కులుండవు. కొలిమి దగ్గర కొన్నాళ్లు, లేతు మిషను దగ్గర కొన్నాళ్లు, ఫిట్టింగు దగ్గర కొన్నాళ్లు నిలబడాలి. అనుభవమున్న మేస్త్రీ చేస్తుంటే చూడాలి, తర్వాత మన చేత్తో చేయాలి, తప్పు పోతే విప్పి మళ్లీ చేయాలి. కాగితం మీద గీసిన గీతకీ, చేతిలో ఉన్న లోహానికీ మధ్య ఎంత దూరముందో ఆ నెలల్లోనే తెలుస్తుంది. వంట పుస్తకం చదివి మైసూరుపాకు చేసినవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. పాకం ఎప్పుడు దించాలో ఏ పుస్తకమూ చెప్పలేదు, పక్కన అమ్మో అత్తగారో ఉండి చూపించాలి.

ఇప్పుడు ఊహించుకోండి. మద్రాసులో పెరిగిన బ్రాహ్మణ వితంతువు, ఇరవై నాలుగేళ్లది. పాపని వదిలి, బీహారు వెళ్లి, ఆవిరి ఇంజన్ల మధ్య ఏడాది. ఆ రోజుల్లో అలాంటి ఆడపిల్ల వీధి గుమ్మంలో నిలబడితేనే నలుగురూ నాలుగు రకాలుగా అనేవారు. సీటు ఇవ్వడానికి ఒక ప్రిన్సిపాలు సంతకం చాలు. కాని వర్క్‌షాపులోకి వెళ్లాలంటే ఆ పిల్ల గుండెలో దమ్ముండాలి, ఇంట్లోవాళ్లు వెళ్లనివ్వాలి, అక్కడివాళ్లు రానివ్వాలి. ఈ మూడూ కుదిరితేగాని ఇంజనీరు తయారుకాదు. ఆడపిల్లలకి సీట్లు దొరకడం మొదలై ఎనభై ఏళ్లు దాటినా, ఈ మూడూ కుదరడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. మా ఇంట్లోనే చూశాను కనుక చెబుతున్నాను.

మాది మదనపల్లె. మా అక్కా వాళ్లుండేది పుంగనూరులో. అక్క కూతురు మా ఇంట్లో ఉండి సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. దానికి కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అనే పేపరుంది. అంటే కట్టడాన్ని నడిపించే విద్య. దాంతోపాటు సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేయాలన్నారు. కుప్పం దగ్గర ఒక కట్టడం పనిలో దానికి అవకాశం దొరికింది. కుప్పంలో తెలిసినవాళ్లింట్లో ఉంచి వచ్చాం. పిల్ల సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

పది రోజులకి ఫోను చేసి ఏడ్చింది. దాంతోపాటు వెళ్లిన మగపిల్లల్ని పొద్దున్నే స్లాబు దగ్గరికి పంపుతున్నారట. దీన్ని మాత్రం షెడ్డులో ఫ్యాను కింద కూర్చోబెట్టి కూలీల హాజరు పట్టీ కంప్యూటర్లో ఎక్కించమన్నారట. ఎండలో నీకెందుకమ్మా, చల్లగా కూర్చో అని ప్రేమగానే అన్నారట. మా బావగారికి ఈ సంగతి తెలిసి, అదీ ఒకందుకు మంచిదే, పిల్ల నల్లబడకుండా ఉంటుంది అన్నారు. మా అక్క ఏమీ అనలేదు.

నాకు కోపం తెప్పించింది ఆ మాట కాదు. ఆ పిల్ల ఆ షెడ్డు కిటికీలోంచి చూసి చెప్పిన ఇంకో సంగతి. అక్కడ కాంక్రీటు తట్టలు మోసేవాళ్లలో సగంమంది ఆడవాళ్లే. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తలకి చుట్టకుదురు పెట్టుకుని, కంకర మోస్తున్నారు, ఇసుక జల్లిస్తున్నారు, నీళ్లు పడుతున్నారు. వాళ్లని ఎండలో ఎందుకమ్మా అన్నవాళ్లు లేరు. తట్ట మోయడానికి పనికొచ్చే ఆడది, ఆ తట్టలో ఉన్నది సరిగా కలిసిందో లేదో చూడ్డానికి మాత్రం పనికిరాదన్నమాట!

లలితగారి సంగతి దానికి నేను చెప్పింది ఆ రాత్రే, ఫోనులో. మర్నాడు అది వెళ్లి, హాజరు పట్టీ మధ్యాహ్నంలోగా పూర్తిచేసి ఇస్తాను, మిగతా పూటంతా పని దగ్గరుంటానని ఇంజనీరుగారిని అడిగింది. ఆయన కొంచెంసేపు ఆలోచించి సరే అన్నారు. తలకి హెల్మెట్ ఇచ్చి, ఒక పెద్ద బేల్దారి మేస్త్రికి అప్పజెప్పారు.

ఆ తర్వాత నెలలో అది నేర్చుకున్నవి వింటే నాకే ముచ్చటేసింది. స్లంప్ పరీక్ష గురించి పరీక్షలో పది మార్కులకి రాసిందట గాని, ఆ గరాటాని అంతకుముందు ముట్టుకోలేదట. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఇనుప గరాటాలో కాంక్రీటు వరసలు వరసలుగా నింపి, ప్రతి వరసనీ కడ్డీతో 25 సార్లు కూరి, గరాటాని మెల్లగా పైకి తీస్తే ఆ ముద్ద ఎంత కుంగిందో కొలవాలి. ఎక్కువ కుంగితే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. మేస్త్రి మాత్రం కొలవకుండానే తాపీతో ఒకసారి తిప్పి, అరచేతిలోకి తీసుకుని చెప్పేసేవాడట. మొదట్లో ఇద్దరి లెక్కా కలవలేదు. రెండో వారానికి కొలతబద్దకి ముందే దీని చెయ్యి చెప్పడం మొదలుపెట్టింది.

స్లాబు ఇనుప కడ్డీల కింద చిన్న చిన్న సిమెంటు బిళ్లలు పెడతారు చూడండి, అవి ఎందుకో అక్కడే తెలిసిందట. కడ్డీ చుట్టూ కాంక్రీటు పొర ఉండాలి, లేకపోతే కొన్నేళ్లకి తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుంది. పని తొందరలో ఆ బిళ్లలు కాలికింద పడి పక్కకి జరిగిపోతాయి. కాంక్రీటు పోసే ముందు ఒకరు వంగి చూస్తూ నడవాలి. ఆ పని దీనికిచ్చారు. 150 మిల్లీమీటర్ల దిమ్మలు పోసి, తేదీ రాసి, నీళ్లలో నానబెట్టి, 7వ రోజున, 28వ రోజున మిషనులో పగలగొట్టి చూడ్డం ఇంకో పని. కూలీలకి హాజరు వేయడం కూడా చదువేనని, ఏ పనికి ఎంతమంది కావాలో ఆ పట్టీ చూసే అంచనా వేయాలని కూడా అప్పుడే అర్థమైందట. షెడ్డులో కూర్చున్నన్నాళ్లూ అవి ఒట్టి పేర్లు. బయటికొచ్చాక ఒక్కో పేరు వెనక ఒక్కో పని కనిపించింది.

మన పాత చిత్తూరు జిల్లాలో ఇలాంటి చదువుకి కొదవ లేదు. హంద్రీ-నీవా నీళ్లు రావడానికి తవ్విన పుంగనూరు బ్రాంచి కాలువ, కుప్పం బ్రాంచి కాలువ కళ్లముందున్నాయి. కుప్పం చుట్టుపక్కల గ్రానైటు క్వారీలున్నాయి. బస్సు కిటికీలోంచి చూస్తే చాలదు, పిల్లలు దిగి దగ్గరికెళ్లాలి. ఆడపిల్లల్ని కూడా దించాలి.

మళ్లీ లలితగారి దగ్గరికి వద్దాం.

జమాల్‌పూర్ నుంచి ఆవిడ సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరారు. సిమ్లాయే ఎందుకంటే అక్కడ సోదరుడి కుటుంబం ఉంది, పాపని చూసుకునేవాళ్లున్నారు. ఆ ఉద్యోగంలో ఉండగానే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ స్ట్రక్చరల్ ఇంజనీర్స్ వారి గ్రాడ్యుయేట్‌షిప్ పరీక్ష రాశారు. చూడండి, చదివింది కరెంటు, రాసింది కట్టడాల పరీక్ష. కరెంటుని మోసే స్తంభమైనా, మిషను నిలబడే దిమ్మె అయినా కట్టడమే కదా.

1946 దాకా సిమ్లాలో చేసి, మద్రాసు వచ్చి కొన్ని నెలలు తండ్రి పరిశోధనల్లో సాయం చేశారు. సుబ్బారావుగారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. కరెంటుతో పలికే ఒక సంగీత వాద్యం, పొగరాని పొయ్యి, ఇలా ఏవేవో తయారుచేసేవారు. పొగరాని పొయ్యి గురించి చదివినప్పుడు, కళ్లు మండుతూ కట్టెపొయ్యి ఊదిన మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మగవాళ్లు ఇంజనీర్లయితే చాలదు, ఇంట్లో పొగ ఎవరు మింగుతున్నారో చూసే మగవాళ్లు ఇంజనీర్లవాలి. అయితే ఆ పరిశోధనలతో ఇల్లు గడవదు. పెరిగే పిల్ల ఉంది. 1948లో లలిత కలకత్తా వెళ్లి అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. అక్కడా ఒక సోదరుడి కుటుంబం తోడుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. హాస్టలు రోజుల్లో బంధువులు, సిమ్లాలో ఒక సోదరుడు, కలకత్తాలో ఒక సోదరుడు. ఆవిడ ప్రతి అడుగు వెనకా ఎవరో ఒకరి ఇంట్లో పాపకి పట్టెడన్నం, పక్క ఉన్నాయి. ఆ ఇళ్లలో వండిపెట్టిన ఆడవాళ్ల పేర్లు చరిత్రలో ఎక్కలేదు. వాళ్లు పొయ్యి దగ్గర నిలబడబట్టే లలిత డ్రాయింగు బల్ల దగ్గర నిలబడగలిగారు. తొలి మహిళా ఇంజనీరు ఖాతాలో వాళ్ల పని కూడా కలపాలని నా లెక్క.

కలకత్తా ఉద్యోగం మూడు దశాబ్దాలు సాగింది. కరెంటు లైన్లకి డిజైన్లు, వాటికి రక్షణ పరికరాలు, సబ్‌స్టేషన్ల అమరిక, ఒప్పుకున్న కాంట్రాక్టుల అమలు. ఇవీ ఆవిడ పనులు. ఈ మాటలు పొడిగా కనిపిస్తాయి గాని, మనూరి సబ్‌స్టేషన్ కంచె పక్కనుంచి వెళ్లినప్పుడు ఒకసారి ఆగి చూడండి. ట్రాన్స్‌ఫార్మరు కింద దిమ్మె, తీగల మధ్య ఇంతని లెక్క తప్పని దూరం, నేలకింద కేబుళ్లకి కాలువలు, కింద పరచిన కంకర. ఏది ఎక్కడుండాలో ముందు కాగితం మీద ఒకరు ఆలోచించాలి. ఆ ఆలోచన తప్పితే మనిషి ప్రాణానికే ముప్పు.

కాంట్రాక్టు అమలు అంటే ఇంట్లో పెళ్లి చేయడం లాంటిది. పందిరి ముందా, వంటపాత్రలు ముందా? సామాను ఏ రోజుకి దిగాలి? దింపడానికి ఎంతమంది? ఒకటి ఆలస్యమైతే దాని వెనకున్న ఎన్ని పనులు ఆగిపోతాయి? డబ్బు ఎప్పుడు ఎవరికి? కాలేజీలో పిల్లలు చదివే కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అంతా ఇదే, లెక్కలతో సహా. అందులో చేయి తిరగాలంటే ఒక్కో పని ఎంతసేపు పడుతుందో చూసి ఉండాలి. బోల్టు బిగించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లే బిగించేవాడికి సరైన గడువు ఇవ్వగలరు. జమాల్‌పూర్ ఏడాది లలితగారికి అక్కరకొచ్చింది ఇక్కడేనని నేననుకుంటాను.

ఆవిడ పనిచేసిన ప్రాజెక్టుల్లో పెద్దది భాక్రానంగల్. సట్లెజ్ నది మీద 226 మీటర్ల ఎత్తు కాంక్రీటు ఆనకట్ట, 1963లో నెహ్రూగారు జాతికి అంకితం చేశారు. అక్కడి విద్యుదుత్పత్తి యంత్రాల పనిలో లలితగారి చెయ్యి ఉంది. బళ్లో భాక్రానంగల్ గురించి బట్టీపట్టిన తెలుగు పిల్లలం, అందులో ఒక తెలుగావిడ పనితనం ఉందని మాకెవరూ చెప్పలేదు.

1953లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ ఆవిణ్ణి అసోసియేట్ సభ్యురాలిగా తీసుకుంది. 1966లో పూర్తి సభ్యత్వం ఇచ్చింది.

ఆవిడతో చదివిన థ్రేసియాగారి సంగతి కూడా చెప్పకపోతే మనసు ఊరుకోదు. సివిల్ చదివిన ఆవిడ కొచ్చి రాజ్యపు ప్రజాపనుల శాఖలో చేరి, తొలి రోజుల్లోనే ములంకున్నత్తుకావులో క్షయ ఆసుపత్రి కట్టడం పని చూశారు. మన మదనపల్లె వాళ్లకి క్షయ ఆసుపత్రి అనగానే ఆరోగ్యవరం గుర్తొస్తుంది, గాలీ వెలుతురూ లెక్కచూసి కట్టిన ఆ వార్డులు గుర్తొస్తాయి. అలాంటి కట్టడం ఇరవై ఏళ్లు దాటిన ఒక అమ్మాయి చేతికి అప్పజెప్పారంటే ఎవరో ఒక అధికారి ఆమెని షెడ్డులో కూర్చోబెట్టలేదన్నమాట. పని దగ్గర మొదలుపెట్టిన ఆవిడ 1971లో కేరళ ప్రజాపనుల శాఖకి చీఫ్ ఇంజనీరయ్యారు. మన దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ.

అందరికీ అలా జరగలేదు. బెంగాల్‌లో ఇలా ఘోష్ అనే అమ్మాయి 1947లో శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరితే, సివిల్ వద్దు, బయట తిరిగే కష్టం పడలేవని ప్రిన్సిపాలు ఆపారు. ఆవిడ మెకానికల్ తీసుకుని 1951లో పాసయ్యారు. శిక్షణకి స్కాట్లాండులోని గ్లాస్గో వెళ్లి, అక్కడ ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా చేసి వచ్చారు. ఆ తర్వాత కలకత్తాలో ఆడపిల్లల పాలిటెక్నిక్‌కి తొలి ప్రిన్సిపాలయ్యారు. తనకి దొరకనిది ఇంకొకరికి దొరికేలా చూడ్డమంటే అదీ.

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సభ జరిగింది. 35 దేశాల నుంచి దాదాపు ఐదొందలమంది వచ్చారు. మన దేశం నుంచి లలితగారికి పిలుపొచ్చింది. మనదగ్గర అప్పటికి అలాంటి సంఘమే లేదు కనుక సొంత హోదాలో వెళ్లారు. పదిహేనేళ్లకి పెళ్లయి, పద్దెనిమిదేళ్లకి భర్త పోయిన పిల్ల, నలభై ఐదో ఏట అంతమంది ఇంజనీరమ్మల మధ్య కూర్చుంది! తిరిగొచ్చాక పేపర్లవాళ్లు, ‘ఫెమినా’, ‘ఈవ్స్ వీక్లీ’ లాంటి ఆడవాళ్ల పత్రికలవాళ్లు ఆవిడ గురించి రాశారు. 1965లో లండన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో పూర్తి సభ్యురాలయ్యారు. 1967లో కేంబ్రిడ్జిలో రెండో సభ జరిగినప్పుడు, ఇక్కడి మహిళా ఇంజనీర్లని ఆ సభకి సమాయత్తం చేసే బాధ్యత తీసుకున్నారు. హాస్టల్లో తోడు లేక బాధపడ్డ మనిషికి ఆ పని ఎంత ఇష్టమై ఉంటుందో!

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతుర్ని బాగా చదివించారు. తండ్రి లేని లోటు తనకి తెలియలేదని ఆ కూతురు పెద్దయ్యాక చెప్పుకున్నారు. పనిచేసిన కంపెనీ మధ్యలో జీఈసీ చేతికి వెళ్లింది, ఆవిడ కుర్చీ మాత్రం మారలేదు. 1977లో రిటైరయ్యారు. విశ్రాంతి ఎక్కువకాలం దక్కలేదు. రెండేళ్లకే, 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట కన్నుమూశారు.

మా అక్క కూతురు కుప్పం నుంచి తెచ్చుకున్న నోటుపుస్తకం అట్ట సిమెంటు మరకలతో గట్టిపడి ఉంది. మా బావగారు దాన్ని విప్పి చూసి, మా పుంగనూరు ఇంటి మేడమీద గది వేయాలనుకుంటున్నాం, ఇసుక ఎలాంటిది తేవాలని కూతుర్నే అడిగారు.